కాళ్లు కడిగిన ఫొటో

నిర్మలాదేవి కంప్యూటర్ల నుంచి తీసిన కాయితాన్ని బల్ల మీద పరిచి, ఫ్యాను గాలికి ఎగరకుండ దాని మీద కళ్లద్దాల డబ్బా పెట్టింది. డబ్బా పోయి పోయి ఫొటోల పుష్ప మొకం మీదనే కూసుంది. ఇంక కనపడుతున్నది ఒంటి నిండ అద్దాల బట్టలు, నెత్తి మీద పచ్చటి మొలకల బుట్ట, కాళ్ల దగ్గర వంగి చెంబుతోటి నీళ్లు పోస్తున్న ఒక పిలగాడు.

"ఇదేంటమ్మా?" అని అడిగింది నిర్మలాదేవి.

"ఫొటో, మేడం. నాదే."

"నీదేనని తెలుస్తానే ఉంది. ఇంటర్వ్యూలో పెళ్లయిందా అని అడిగితే ఏం చెప్పావు నువ్వు?"

"కాలేదని చెప్పిన మేడం."

"మరి ఇక్కడ మ్యారీడ్ అని ఎవరు రాశారు? మేం రాశామా?"

పక్కన కంప్యూటర్ ముందు కూసున్న ప్రసూన కుర్చీ ఇటు తిప్పింది. నిర్మలాదేవి కోడలు ఆమె. ట్రస్టు పనులల్ల చదువుకున్నది, ఇంగ్లీషు వచ్చింది ఆమె ఒక్కతే. "అందర్నీ ఆర్కుట్‌లో వెతుకుతా నేను. ఈ రోజుల్లో ఎవరి సంగతైనా అక్కడ దొరుకుద్ది" అన్నది, కూరగాయలు ఏరి కొన్నట్టు నిమ్మళంగ.

ట్రస్టు నిర్మలాదేవి మామ వెంకటప్పయ్య పేరు మీద నడుస్తది. ఏటా ఒక్క తండా పిల్లకో గూడెం పిల్లకో హైదరాబాదుల నర్సింగ్ సీటు ఇప్పించి, నాలుగేండ్లు వాళ్లే చదివిస్తరు. షరతు ఒక్కటే. పిల్లకు పెళ్లి కావొద్దు, చదువు అయిందాక చేసుకోవద్దు. ముందటి ఏండ్లల్ల ఇద్దరు పిల్లలు నడుమల పెళ్లి చేసుకొని పోయిన్రంట, అప్పటిసంది పెట్టిన షరతు. ఈ ఏడు సీటు పుష్పకొచ్చింది. నిర్మలాదేవే వీపు తట్టి, "బాగా చదువుకో తల్లీ" అని పంపింది. పది దినాలు గూడ కాలేదు.

"అది తీజ్ మేడం" అన్నది పుష్ప. "మా పండుగ. బుట్టలల్ల గోధుమలు పోసి..."

"పండగా?" ప్రసూన లేచొచ్చి కళ్లద్దాల డబ్బా తీసింది. కింద పుష్ప మొకం బయటపడ్డది. కండ్లు వాచిపోయి, నోరు వంకరపోయి, వెక్కి వెక్కి ఏడుస్తున్న మొకం. "పండక్కి ఎవరన్నా ఇట్లా ఏడుస్తారా?"

ఏడుస్తరు. తొమ్మిది దినాలు పెంచిన మొలకలను నీళ్లల్ల కలిపేటప్పుడు తండా పిల్లలందరు ఏడుస్తరు. వచ్చే ఏటికి ఎవరు ఉంటరో, ఎవరు పెళ్లై పోతరో తెలవదు గనక ఏడుస్తరు. ఆ మాట పుష్ప తన బాసల అయితే గుక్క తిప్పుకోకుండ చెప్పేది. ఈ తెల్లటి టైల్స్ మీద చెప్పులిడిచి నిలబడి, తెలుగుల చెప్పబోతే ఒక్కటి గూడ రాలేదు.

"ఇదిగో, ఇవి కూడా చూడండత్తయ్యా." ప్రసూన వేలు కిందికి పోయింది. "కంగ్రాట్స్ పెళ్లికూతురా అని ఎవరో ఉషారాణి రాసింది. ఈ అమ్మాయి థాంక్సే అని జవాబిచ్చింది."

"అది ఎగతాళి మేడం. ఉష నా హాస్టల్ రూమ్మేటు."

అంతల్నే ఊరి పక్క బొగ్గు గనిల మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయింది. కిటికీ అద్దాలు గలగలమన్నయి. ఆ ఇంట్ల ఎవరు తల తిప్పలేదు. నిర్మలాదేవి కాయితం మడిచింది.

"చూడమ్మా, మార్కులు నాలుగు తక్కువైనా మాకు పర్లేదు. అబద్ధాలాడే పిల్లలు మాత్రం వద్దు. శుక్రవారం లిస్టు కాలేజీకి పంపాలి. నీ దగ్గర రుజువేదన్నా ఉంటే ఆ లోపల తీసుకురా. లేదంటే రెండో పేరు పిల్ల ఉంది."

పుష్ప మెట్లు దిగి చెప్పులు తొడుక్కునేటప్పుడు చూసుకుంది. ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుంది.

సత్తుపల్లి బస్టాండు ఎదురుంగ ఉన్న ఇంటర్నెట్ సెంటర్ల కోటేష్ ఒకరి హాల్ టికెట్ ప్రింటు తీస్తున్నడు. ప్రింటర్ కాయితాన్ని సగం మింగి ఊకున్నది. మూత తీసి, రెండు వేళ్లతోటి మెల్లగ గుంజుతున్నడు. పుష్పకు సొంత అన్న. కాళ్లు కడిగిన పిలగాడు వీడే.

"అన్నా, నా దాంట్ల మ్యారీడ్ అని ఎందుకు పెట్టినవ్?"

"ఏ దాంట్ల?"

"ఆర్కుట్ల!"

కోటేష్ కాయితం చింపకుండ బయటికి తీసి, సాపు చేసి, ఆ పిలగానికిచ్చి పంపిండు. అప్పుడు చెల్లె దిక్కు తిరిగిండు. "పెట్టిన. నీకొక్కదానికేనా? ఇక్కడ నేను చేసిచ్చిన ఆడపిల్లల ప్రొఫైల్ ప్రతిదానికి పెట్టిన. సింగిల్ అని ఉంటే దినానికి నలభై మంది పోరగాళ్లు ఫ్రెండ్ రిక్వెస్టులు పెడుతున్నరు. నంబరడుగుతున్నరు, కూతలు రాస్తున్నరు. మ్యారీడ్ అని చూస్తే జరిగి పోతరు. మంచికే పెట్టిన. ఏమైంది?"

ఏమైందో చెప్పింది. కోటేష్ కూసున్న స్టూలు మీద నుంచి లేచి మళ్ల కూసున్నడు.

"దీనికా? ఈ దానికి సీటు తీసేస్తరా?" ఆ గొంతుకు మూడో క్యాబిన్ల ఒకామె తెర పక్కకు జరిపి చూసింది. "నాకు ఫోన్ చేసి అడిగితే పోయిందేంది వాళ్లది?"

"ఎవరడుగుతరు నిన్ను? ఫొటో గూడ నువ్వే పెట్టినవ్!"

"మంచిగున్నదని పెట్టిన. తండాల పదకొండు మంది ఆడపిల్లలు బుట్టలెత్తిన్రు, అందరిట్ల నా చెల్లె ఫొటోనే మంచిగ పడ్డది." ఒక ఆదివారమంత కూసొని, కెమెరా ఫోన్ల నుంచి ఫొటోలు దించి, వెలుగు సరిచేసి ఎక్కించిండు వాడు. మురిసిపోయిండు.

ఇంకేం ఆలోచన చేయలేదు ఇద్దరు. కోటేష్ ముందుకు వంగి పాస్‌వర్డ్ కొట్టిండు. మ్యారీడ్ తీసి సింగిల్ పెట్టిండు. ఫొటో తీసేసిండు. ఉషారాణి రాసింది, పుష్ప రాసింది, హాస్టల్ పిల్లలు రాసిన పరాచికాలన్ని ఒక్కొక్కటే తీసేసిండు. పుష్ప పక్కన నిలబడి "అది గూడ, అది గూడ" అని చూపిచ్చింది. అయిపోయినంక ఇద్దరికి జర ఊపిరాడింది. తప్పు తుడిచినమనుకున్నరు పిచ్చోళ్లు.

తెల్లారి బుధవారం పుష్ప తండ్రి రాంసింగ్ పనికి పోలేదు. దమ్మపేట చుట్టూత పామాయిల్ తోటలల్ల గెలలు కోసే పని ఆయనది. పొడుగు గెడకు కట్టిన కొడవలిని వాకిట్ల పెట్టుకొని, ఆకురాయితోటి పదును పెట్టుకుంట కూసున్నడు. బిడ్డ చెప్పేదంత ఇన్నంకనే రాయి కింద పెట్టిండు.

"కంప్యూటర్ల పెళ్లి చేసిన్రా నీకు?"

"చేయలేదు బా. అయిందని రాసి ఉన్నది."

"రాస్తే అయితదా?"

లోపల జొన్నరొట్టె కొడుతున్న తల్లి మోతీ పిండిచేతులతోటే బయటికొచ్చింది. "పెళ్లైనదాని నెత్తిన తీజ్ బుట్ట పెడుతమా? థూ! ఆ ముండకు నోరెట్లొచ్చింది ఆ మాట అననీకి! పెళ్లి కాలే గనకనే ఎత్తింది. ఆ ఫొటో చూస్తే గుడ్డోడికి గూడ తెలుస్తది పెళ్లి కాని పిల్ల అని!"

"వాళ్లకు తెలవదు యాడీ."

"తెలవకపోతే అడగాలె. నోరు లేదా?"

రాంసింగ్ తువ్వాల భుజాన వేసుకొని తండా నాయక్ భీమ్లా ఇంటికి నడిచిండు. పుష్ప వెనుకబడ్డది. భీమ్లాకు డెబ్బై దాటినయి. మంచం మీద కూసొని, మొత్తం ఇని, చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నడు. "ఉత్తరం రాయి. నేను చెప్తుంట" అన్నడు.

రాసేటోళ్లు ఎవరున్నరు? రాయొచ్చిన మగపిల్లలు సత్తుపల్లికో కొత్తగూడెంకో పనికి పోయిన్రు. తనకు పెళ్లి కాలేదని తనే రాసుకోవలసొచ్చింది పుష్పకు. తీజ్ బుట్ట పెళ్లి కాని పిల్లలే ఎత్తుతరని, పెళ్లైన ఆడది ముడితే తప్పని, మొలకలు నీళ్లల్ల కలిపే ముందు అన్నదమ్ములు అక్కచెల్లెండ్ల కాళ్లు కడిగి ఓదారుస్తరని, ఫొటోల నీళ్లు పోస్తున్నది పిల్లకు సొంత అన్న కోటేష్ అని. భీమ్లా బాసల చెప్తుంటే, పుష్ప తెలుగుల మార్చి రాసింది. నిన్న టైల్స్ మీద రాని మాటలన్ని ఇయ్యాల మంచం కోడు పక్కన చక్కగ వచ్చినయి.

కింద వేలిముద్రలు పడ్డయి. ముందు భీమ్లా, తరువాత రాంసింగ్, తరువాత బుట్టలెత్తిన మిగతా పది మంది పిల్లల తల్లులు. మిరప చేనుల కలుపు తీస్తున్నోళ్లు గట్టు మీదికొచ్చి, బొటనవేలి మట్టి పైటకు తుడుచుకొని వేసిన్రు. ఒకామె వేసి, "నా బిడ్డను గూడ అడుగుతరా ఏంది రేపు?" అన్నది.

బేస్తవారం పొద్దుగాల కోటేష్ సత్తుపల్లి నుంచి పక్కింటి దూలయ్య ఫోన్‌కు చేసిండు. ఆ ఒక్క ఫోన్‌కే తండాల సిగ్నల్ దొరుకుతది, అది గూడ నీళ్ల ట్యాంకు కాడ నిలబడితే.

"పుష్పా, ఆ ప్రసూన మేడం సెంటర్‌కు ఫోన్ చేసింది."

"ఏమన్నది?"

"ఎందుకు తీసేసిన్రు అన్నది. నిజంగ పండుగైతే దాచుడెందుకు అన్నది. తప్పు చేయనోళ్లు చెరుపుకోరు అన్నది." కోటేష్ ఊపిరి ఫోన్ల గరగరమన్నది. "రేపు రావొద్దని చెప్పమన్నది. రెండో పేరు పంపుతున్నరంట."

పుష్ప ట్యాంకు గోడకు ఆనుకొని నిలబడ్డది. ఉంచితే పెళ్లైంది. తీస్తే దొంగ. ఏం చేస్తే తనకు పెళ్లి కానట్టో అర్థం కాలేదు. ఫోన్ దూలయ్యకిచ్చి ఇంటికొచ్చింది. తల్లికి చెప్పలేదు. తండ్రికి చెప్పింది.

"రావొద్దన్నరు బా."

రాంసింగ్ గెడ కొడవలి చూరుల దోపుతున్నడు. వెనుకకు తిరగకుండనే, "రమ్మంటే పోయేటోళ్లమా మనం? ఎప్పుడన్న ఎవరన్న రమ్మన్నరా? పోదాం" అన్నడు.

శుక్రవారం పది గంటలకు ఇద్దరు నిర్మలాదేవి ఇంటి మెట్ల కాడ ఉన్నరు. రాంసింగ్ ఉతికిన ధోతి కట్టిండు. చెప్పులు మెట్ల కింద ఇడిచి, కాళ్లు తువ్వాలతోటి తుడుచుకొని పైకెక్కిండు. కూసోమని ఎవరు అనలేదు, వాళ్లు కూసోలేదు.

"రావద్దని చెప్పాం కదమ్మా" అన్నది ప్రసూన.

"అమ్మగారూ, ఒక్క మాట ఇనుండ్రి." రాంసింగ్ చేతులు జోడించిండు. "మీ తోటల గూడ గెలలు కోసిన నేను, మూడేండ్ల కింద. నా ఇంట్ల అబద్ధం లేదు."

నిర్మలాదేవి ఉత్తరం అందుకొని చదవబట్టింది. ఆమె చదువుతుంటే ఆయన ఆగలేదు. భుజం మీది తువ్వాల తీసి చుట్టలెక్క చుట్టి, నేల మీద పెట్టిండు. "ఇది బుట్ట అనుకోండ్రి తల్లీ. పుట్టమన్ను, మేకపెంట కలిపి పోస్తరు. గోధుమలు చల్లుతరు. మూడు పూటల నీళ్లు. ఆడపిల్ల ఎట్లనో మొలక గట్ల. పెంచుడు మనం, పోవుడు ఇంకో కాడికి. అందుకు ఏడుస్తరు." మోకాళ్ల మీద వంగి, లేని చెంబుతోటి లేని కాళ్ల మీద నీళ్లు పోసిండు. "అన్న గిట్ల కడుగుతడు. పెళ్లైన ఆడది ముట్టొద్దు దాన్ని. ముట్టొద్దు."

తండ్రి ఆ టైల్స్ మీద వంగి ఉంటే చూడలేక పుష్ప గోడకున్న క్యాలెండర్ దిక్కు చూసింది. నిర్మలాదేవి ఉత్తరం మడిచి, వేలిముద్రల మీద చెయ్యి పెట్టింది. ఆమె రాయి గాదు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"లే నాయనా, లే. మాకేం తెలుసు ఇవన్నీ. మా పెళ్లిళ్లలో కాళ్లు కడుగుతారు, అందుకే అట్లా అనుకున్నాం." కోడలి దిక్కు తిరిగింది. "ప్రసూనా, లిస్టు పంపలేదుగా?"

"మెయిల్ ఇంకా కొట్టలేదత్తయ్యా."

"ఈ పిల్ల పేరే పెట్టు."

అంతే. ఒక్క మాట. నాలుగు దినాల సంది పుష్ప నెత్తిన ఉన్న బరువు దిగింది. కండ్లు ఒత్తుకుంటున్న తండ్రి భుజం పట్టుకుంది.

"ఒక్క నిమిషం" అన్నది ప్రసూన. కంప్యూటర్ల ఏదో తెరిచింది. తెర నిండ పుష్ప ఏడుపు మొకం.

"తీసేసినం గద మేడం!"

"నేను మొదటి రోజే సేవ్ చేసుకున్నా. ఎంత బాగుందో చూడండత్తయ్యా ఈ ఫొటో. మన వెబ్‌సైట్ మొదటి పేజీకి ఇట్లాంటిదే కావాలని ఫారిన్‌లో ఉన్న దాతలు ఎన్నాళ్ల నుంచి అడుగుతున్నారు." వేళ్లు టకటకమన్నయి. ప్రింటర్ రంగుల కాయితం ఒకటి కక్కింది. తీసి పుష్ప చేతికిచ్చింది. "చదివి కింద సంతకం పెట్టు. మా ఫైల్‌కి."

పైన ఇంగ్లీషు, కింద తెలుగు ఉన్నది. 'పద్నాలుగేళ్లకే పెళ్లయి కన్నీరు పెట్టిన తండా బాలిక పుష్ప. ఆ చెర నుంచి విడిపించి నర్సుగా తీర్చిదిద్దుతున్నది మా ట్రస్ట్.'

పుష్ప రెండుసార్లు చదివింది.

"మేడం, ఇది పెళ్లి కాదని ఇప్పుడే చెప్పిండు గద మా బా."

"తెలుసమ్మా. మాకు తెలుసు. ఎక్కడో ఉండి చూసేవాళ్లకి నీ తీజూ బుట్టా ఏం అర్థమవుతాయి? పెళ్లంటే చప్పున అర్థమవుద్ది. నీకేం నష్టం? ఇంకో నలుగురు పిల్లలకి సీట్లొస్తాయి." ప్రసూన గొంతుల కోపం లేదు, ఎకసెక్కెం లేదు. నిజంగనే మంచి చేస్తున్నట్టు మాట్లాడింది.

పుష్ప నిర్మలాదేవి దిక్కు చూసింది. అబద్ధాలాడే పిల్లలు వద్దన్న నిర్మలాదేవి కళ్లద్దాలు తుడుచుకుంటున్నది. "పెట్టమ్మా సంతకం. మెయిల్ పన్నెండు లోపల వెళ్లాలి" అన్నది.

"ఏం రాసిన్రు బిడ్డా?" రాంసింగ్ కాయితం మీదికి వంగిండు. ఆయనకు అక్షరం రాదు. బిడ్డ ఫొటో మాత్రం గుర్తుపట్టిండు, నీళ్లు పోస్తున్న కొడుకును గుర్తుపట్టిండు. మొకం వెలిగిపోయింది. "మన ఫొటోనే గదా! ఏమని రాసిన్రు? సదువు."

పుష్ప అక్షరాల మీద వేలు పెట్టింది. వేలు కదిలిచ్చుకుంట, మెల్లగ, తన బాసల చెప్పింది. "తీజ్ పండుగ నాడు, రాంసింగ్ బిడ్డ పుష్ప. పక్కన ఆమె అన్న కోటేష్ అని రాసిన్రు బా."

"నా పేరు గూడ రాసిన్రా!"

"అవ్, రాసిన్రు."

సంతకం పెట్టింది. రాంసింగ్ రెండు చేతులు జోడించి అందరికి దండం పెట్టి, ఇంకొక కాయితం అడిగి తీసుకున్నడు, తండాల చూపిద్దామని.

దమ్మపేట బస్సుల సీటు దొరికింది. కిటికీ పక్కన పుష్ప, నడుమ రాంసింగ్, ఇటు చివరన చంకల సంచి పెట్టుకున్న ఒక పెద్దమనిషి, చూస్తే బడి సారు లెక్కున్నడు. ఊరు దాటిందో లేదో రాంసింగ్ కాయితం తీసిండు. పుష్ప మోచెయ్యి పట్టింది. "బా, ఇంటికి పోయినంక..." అన్నది. ఆయన ఇంటేనా! జిందగీల మొదటిసారి ఆయన పేరు అచ్చుల పడ్డది.

"సారూ, జర సదువుండ్రి. నా బిడ్డ. పేపర్ల గాదు, కంప్యూటర్ల ఏసిన్రు. నా పేరు గూడ ఉన్నది చూడుండ్రి."

ఆయన కండ్లద్దాలు సర్దుకొని చదివిండు. పుష్ప దిక్కు ఒకసారి, రాంసింగ్ దిక్కు ఒకసారి చూసిండు.

"నీ పేరేం లేదిండ్ల" అన్నడు. "పద్నాలుగేండ్లకే పెళ్లి చేసినవా ఈ పిల్లకు?"

రాంసింగ్ నవ్వు మొకం అట్లనే ఉండిపోయింది. "ఏంది సారూ?"

"ఇగో, రాసిన్రు గద. పద్నాలుగేండ్లకే పెళ్లి, ట్రస్టోళ్లు విడిపించి చదివిస్తున్నరని. కాదా? తప్పు రాసిన్రా? తప్పైతే చెప్పు, కింద ఫోన్ నంబరున్నది, అడుగుదాం."

ముందు సీట్లోళ్లు వెనుకకు తిరిగిన్రు. రాంసింగ్ బిడ్డ దిక్కు చూసిండు. పుష్ప కండ్లు ఒడిల ఉన్న చేతుల మీద ఉన్నయి. చేతులు ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకొని ఉన్నయి. ఆయన ఆ చేతులను శానసేపు చూసిండు. బస్సు గుంతల పడి లేచింది.

"తప్పేం లేదు సారూ" అన్నడు రాంసింగ్. "చేసిన. తెలవక చేసిన."

"తెలవక ఏంది? గవర్నమెంటు ఎంత మొత్తుకున్నా మీ తండాలోళ్లు మారరు. జైల్ల పెట్టాలె నిన్ను."

"అవ్ సారూ."

"ఆ ట్రస్టోళ్లు దేవుళ్లు కాబట్టి సరిపోయింది."

"అవ్."

దమ్మపేట దాక ఆయన ఆపలేదు. రాంసింగ్ తల వంచుకొని, ప్రతి మాటకు అవ్ అవ్ అనుకుంట కూసున్నడు. పుష్ప రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లు తండ్రి చెయ్యి ఆమె చెయ్యి మీద పడ్డది. గెడ పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి, గట్టిగ అదిమింది.

బస్సు దిగి తండా బాటల నడిచిన్రు. వాగు దాటినంక రాంసింగ్ నిలబడి, కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి పుష్పకిచ్చిండు.

"కోటేష్‌కు చూపియ్యకు. వాడు కొట్లాటకు పోతడు, సీటు పోతది."

పుష్ప తల ఊపింది.

తండా మొదట్ల మోతీ ఎదురొస్తున్నది, ఏమైందో అని, చీర చెంగు నోట్ల పెట్టుకొని. రాంసింగ్ ఆమెను చూసి చెయ్యి ఎత్తి ఊపిండు, సీటు వచ్చిందన్నట్టు. ఆ చెయ్యి ఊపుకుంటనే, బిడ్డకు మాత్రమే ఇనపడేటట్టు అన్నడు.

"మీ యాడి సదవమంటది. నాకు సదివినట్టే సదువు."